కాశీలో తొమ్మిది నిద్రలు ఎందుకు?

కార్తికమాసంలో ఒక సాయంకాలం ప్రదోషపూజ ముగిసి, నేను గర్భాలయం తలుపులు దగ్గరగా వేయబోతుండగా వృద్ధదంపతులు ఇద్దరు వచ్చారు. ఆయన పదవీవిరమణ చేసిన ఉపాధ్యాయులు. వారి ఒక్కగానొక్క కుమారుడు అంతకు ఏడాదిన్నర క్రితం రోడ్డు ప్రమాదంలో మరణించాడు. సంవత్సరీకాలు పూర్తయ్యాక ఇద్దరూ ఒక యాత్రాబృందంతో కలిసి ఉత్తరదేశయాత్ర చేసి వచ్చారు.

“శాస్త్రిగారూ, ఐదు రోజుల్లో కాశీ, ప్రయాగ, గయ, అయోధ్య అన్నీ చూశాం. గంగ తెచ్చాం. గయలో పిండం పెట్టాం. కానీ ఇక్కడినుంచి ఎలా వెళ్ళామో అలాగే తిరిగి వచ్చాం” అన్నారు ఆయన. ఆమె ఏమీ మాట్లాడలేదు.

నలభై ఏళ్ళుగా అర్చకత్వంలో ఉన్నవాణ్ణి కనుక నా నోటికి అలవాటైన మాటే వచ్చింది. మృత్యుంజయహోమం చేయిద్దాం, మనశ్శాంతి కలుగుతుంది అన్నాను. అప్పుడు ఆ తల్లి తలెత్తి, “హోమం ఎంతసేపు పడుతుందండీ?” అని అడిగారు. మూడు గంటలు అన్నాను. “మూడు గంటలయ్యాక మళ్ళీ ఆ ఇంటికేగా వెళ్ళాలి” అన్నారు.

నేను సమాధానం చెప్పలేకపోయాను. ఆమె హోమాన్ని కాదనలేదు. తన గాయం మూడు గంటల్లో మానేది కాదని, దానికి కొంతకాలం, కొంత చోటు కావాలని చెప్పారు. మన పూర్వులు ఆ చోటునూ ఆ కాలాన్నీ ఏర్పాటు చేసే ఉంచారు. మనమే దాన్ని మరచిపోయి యాత్రను చూచిరావడంగా మార్చుకున్నాం. ఈ వారం పాఠకులకు విన్నవించదలచినది ఆ విషయమే.

దర్శనం వేరు, వాసం వేరు

మన ఇళ్ళలో పెద్దలు ‘కాశీలో తొమ్మిది నిద్రలు చేయాలి’ అంటారు. వేములవాడలో నిద్ర చేసి వస్తామని మొక్కుకునేవారు ఉన్నారు. యాదగిరిగుట్టలో నరసింహస్వామిని వైద్యుడిగా భావించి, దీర్ఘవ్యాధులతో బాధపడేవారు మండలంపాటు కొండమీదనే ఉండి ప్రదక్షిణలు చేసే ఆచారం ఉంది. ఈ మాటల్లో ఎక్కడా ‘చూచి రావడం’ అనే మాట లేదు. నిద్ర చేయడం, ఉండటం, మండలం గడపడం, ఇవే ఉన్నాయి. దేవుణ్ణి కన్నులారా చూడటం దర్శనం. దేవుని నీడలో కాపురం ఉండటం వాసం. మొదటిది క్షణకాలంలో లభించవచ్చు. రెండోదానికి రాత్రులు గడవాలి.

‘ఉపవాసం’ అనే మాటను గమనించండి. ఉప అంటే సమీపంలో, వాసం అంటే ఉండటం. అన్నం మానడం దానిలో ఒక అంగం మాత్రమే. దర్శపూర్ణమాసేష్టికి ముందురోజును వైదిక పరిభాషలో ఉపవసథం అంటారు. రేపు జరగబోయే యజ్ఞం కోసం దేవతలు ఈ రాత్రే వచ్చి యజమాని ఇంట, అగ్నుల సమీపంలో విడిది చేస్తారని బ్రాహ్మణ గ్రంథాలు దానిని వివరిస్తాయి. అతిథులు ఇంట్లో ఉండగా తాను ముందుగా భుజించరాదు కనుక యజమాని ఆ రాత్రి ఆహారనియమం పాటిస్తాడు. సమీపంలో ఉండటం ప్రధానం. ఆకలి దాని వెంట వచ్చినది.

ఏనుగుల వీరాస్వామిగారు 1830 మే 18న చెన్నపట్టణం నుంచి కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. పదిహేను నెలలు దాటిన ఆ ప్రయాణ వృత్తాంతమే 1838లో అచ్చయిన ‘కాశీయాత్ర చరిత్ర’. ‘కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే’ అని సామెత పుట్టిన రోజులవి. ఇప్పుడు హైదరాబాదు నుంచి విమానంలో సుమారు రెండు గంటల్లో కాశీ చేరుతున్నాం. ఇది అదృష్టమే. వృద్ధులకూ రోగులకూ విశ్వనాథుని సన్నిధి అందుబాటులోకి వచ్చింది. కానీ దారిలో మిగిలిన ఆ పదిహేను నెలల కాలాన్ని మనం క్షేత్రంలో ఖర్చు పెట్టడం లేదు. దాన్ని కూడా మిగుల్చుకుని, మరో నాలుగు క్షేత్రాలు చుట్టి వస్తున్నాం. పూర్వులకు ఆ దారి నడకే సగం తపస్సుగా పనిచేసేది. ఆ సగం మనకు లేదు కనుక క్షేత్రంలో ఇంకా ఎక్కువ రోజులు ఉండవలసింది పోయి, తక్కువ రోజులు ఉంటున్నాం.

గర్భంలోకి తిరిగి వెళ్ళడం

తొమ్మిది రాత్రులే ఎందుకు? తల్లి గర్భంలో తొమ్మిది నెలలు ఉన్నాం, దానికి గుర్తుగా కాశీలో తొమ్మిది రాత్రులు ఉంటే మళ్ళీ గర్భవాసం ఉండదని పెద్దలు చెబుతారు. ఇది వింటే కొందరు ఆధునికులు నవ్వుకోవచ్చు. అయితే ఈ పెద్దల మాటకు వెనుక అతి ప్రాచీనమైన వైదిక భావన ఒకటి కనబడుతోందని నా అభిప్రాయం.

సోమయాగం చేయదలచినవాడు ముందుగా దీక్ష స్వీకరించాలి. ఆ విధానాన్ని వివరిస్తూ ఋగ్వేదానికి చెందిన ఐతరేయ బ్రాహ్మణం, ఋత్విజులు దీక్షితుణ్ణి తిరిగి గర్భస్థ శిశువుగా చేస్తున్నారని చెబుతుంది. అతనిమీద చల్లే నీరు బీజం. అతడు ప్రవేశించే దీక్షాశాల గర్భాశయం. కప్పుకునే వస్త్రం శిశువును చుట్టి ఉండే పలుచని పొర. దానిపై కృష్ణాజినం మాయ. గర్భంలోని శిశువు పిడికిళ్ళు బిగించి ఉంటుంది కనుక దీక్షితుడు కూడా పిడికిళ్ళు బిగిస్తాడు. తైత్తిరీయ సంహిత ఆరవ కాండలోనూ దీక్షితుడు గర్భమేనన్న భావన స్పష్టంగా ఉంది. అతడు పాలు ఆహారంగా తీసుకుంటాడు. నేలమీద పడుకుంటాడు. సత్యమే పలుకుతాడు. మాటను నియమించుకుంటాడు. వ్యాపార వ్యవహారాలు లేవు. సూర్యుడు ఉదయించేటప్పుడూ అస్తమించేటప్పుడూ శాల వెలుపల ఉండకూడదు. యాగం చివర అవభృథస్నానం చేసి, దీక్షాచిహ్నాలను నీటిలో విడిచి, కొత్త మనిషిగా బయటికి వస్తాడు.

ఈ క్రమంలో యజమాని సంపాదిస్తున్నది ఏమీ లేదని గమనించండి. అతడు విడిచిపెడుతున్నాడు, ముడుచుకుంటున్నాడు, ఒకచోట ఉంటున్నాడు, పుడుతున్నాడు. గాయపడిన మనసు మళ్ళీ చిగురించాలంటే కావలసింది ఇదే. మనం దుఃఖంలో ఉన్నవారిని ‘బయటికి తీసుకువెళ్ళాలి, పది చోట్లు తిప్పాలి’ అంటాం. వేదం మాత్రం ముందు లోపలికి తీసుకువెళ్ళమంటోంది. గర్భంలోని పిండానికి ప్రయాణాలు ఉండవు. చీకటి, వెచ్చదనం, తల్లి నాడి శబ్దం, నిద్ర, ఇవే దాని పోషణ. కాశీలో తొమ్మిది నిద్రలు చేయమనడంలో నాకు వినిపించే అర్థం ఇది.

తొమ్మిది రోజులు ఏం చేయాలి?

నేను ఇప్పటివరకు నాలుగు పర్యాయాలు కాశీలో తొమ్మిదేసి రాత్రులు గడిపాను. అనుభవంతో చెబుతున్నాను, చేయవలసినవి తక్కువ, మానవలసినవి ఎక్కువ.

చేరిన రోజున గంగాస్నానం చేసి సంకల్పం చెప్పుకోవాలి. క్షేత్రపాలకుడైన కాలభైరవుణ్ణి దర్శించి, ఇన్ని రోజులు ఇక్కడ ఉండటానికి అనుమతి ఇమ్మని వేడుకోవాలి. ఆ తరువాత ప్రతిరోజూ ఒకే క్రమం ఉండాలి. తెల్లవారకముందే లేవడం, స్నానం, ఎవరి అధికారానికి తగినట్టు వారు సంధ్యావందనమో నామజపమో చేసుకోవడం, విశ్వనాథ అన్నపూర్ణల దర్శనం, ఒకపూట భోజనం, మధ్యాహ్నం పారాయణమో పురాణశ్రవణమో, సాయంకాలం ఏదైనా ఒక ఘాట్ మెట్లమీద కూర్చోవడం, త్వరగా నిద్రపోవడం. కాశీలో 84 ఘాట్లు ఉన్నాయి. అన్నీ చూడాలని తిరగవద్దు. ఒకటి ఎంచుకుని రోజూ అక్కడే కూర్చోండి. తెలుగువారికి చిరకాలంగా పరిచయమైన కేదారఘాట్ ఉంది, అక్కడ కేదారేశ్వరుడు ఉన్నాడు. దక్షిణాది మాటలు వినబడే వీధులు చుట్టూ ఉన్నాయి. ఉత్తరాభిముఖంగా ప్రవహించే గంగ ఎదురుగా ఉంటుంది. అంతకన్నా ఏం కావాలి?

మొదటి రెండు రోజులు కొత్తదనంతో గడిచిపోతాయి. మూడోరోజు నుంచి పరీక్ష మొదలవుతుంది. ఇంటికి ఫోను చేయాలనిపిస్తుంది. టిక్కెట్టు ముందుకు జరుపుకుందామనిపిస్తుంది. సత్రంలో అన్నం బాగోలేదనిపిస్తుంది. పక్కగదివారిమీద కోపం వస్తుంది. ఎన్నడో మరచిపోయామనుకున్న అవమానాలు, కొట్లాటలు, చేసిన తప్పులు ఒక్కొక్కటే పైకి వస్తాయి. చాలామంది దీన్ని చూసి, క్షేత్రానికి వచ్చినా మనశ్శాంతి లేదని భయపడతారు. భయపడవద్దు. బావిలో పూడిక తీసేటప్పుడు మొదట వచ్చేది బురదే. బురద వస్తోందంటే పని సాగుతోందని అర్థం. ఐదు రోజుల్లో నాలుగు క్షేత్రాలు చుట్టేవారికి ఈ బురద ఎన్నడూ బయటపడదు, ఎందుకంటే అది కదిలే లోపలే బస్సు కదులుతుంది.

ఆరో రోజుకో ఏడో రోజుకో మనసు కొంత తేటపడుతుంది. కాశీలో ఉన్నవారికి మణికర్ణిక, హరిశ్చంద్ర ఘాట్ల వైపు చూపు పోకుండా ఉండదు. రాత్రింబవళ్ళు చితులు కాలుతూ ఉంటాయి. ఒక చితి పక్కన ఒక కొడుకు, మరో చితి పక్కన ఒక తండ్రి. నా దుఃఖం నాకొక్కడికే వచ్చినదన్న భావన మనిషిని ఒంటరిని చేస్తుంది. ఆ మెట్లమీద కూర్చున్నవాడికి ఆ ఒంటరితనం కరుగుతుంది. దుఃఖం పోదు. తోడు దొరుకుతుంది.

ఇక మానవలసినవి. ఫోనును రోజుకు ఒకసారి, క్షేమసమాచారం కోసం మాత్రమే తెరవండి. బజారు పని చివరిరోజుకు ఉంచుకోండి. ‘కాశీకి వెళితే కాయో పండో వదలాలి’ అంటారు కదా. కాకరకాయ అంటే గిట్టనివారు కాకరకాయనే వదిలి వచ్చిన సందర్భాలు నాకు తెలుసు. విశ్వనాథునితో కూడా బేరమే! కాయం మీద అపేక్ష, ఫలం మీద అపేక్ష తగ్గించుకోమని దాని అంతరార్థంగా పెద్దలు చెబుతారు. నా సలహా ఒకటుంది. మీరు ఎవరితో మాట్లాడటం మానేశారో, ఆ కోపాన్ని గంగలో వదిలి రండి. కాకరకాయ ఇంట్లో వండుకోవచ్చు.

వ్యాసునికి ఎదురైన పరీక్ష

కాశీలో ఉన్నంత మాత్రాన మనసు శుద్ధి అవుతుందా? కాదు. దీనికి సాక్షి సాక్షాత్తూ వేదవ్యాసుడే. శ్రీనాథుడు ‘కాశీఖండం’లో తెనిగించిన ఈ కథను పాఠశాలలో చదువుకున్నవారు ఎందరో ఉంటారు. శిష్యులతో కాశీలో నివసిస్తున్న వ్యాసునికి శివుని సంకల్పం వల్ల రెండు రోజులు ఏ ఇంటా భిక్ష లభించలేదు. అష్టాదశ పురాణాలు చెప్పిన మహానుభావుడు ఆకలికి తట్టుకోలేక కాశీనగరాన్నే శపించబోయాడు. అప్పుడు అన్నపూర్ణాదేవి సామాన్య గృహిణి రూపంలో వచ్చి, మందలించి, అతనికీ శిష్యులకూ కడుపునిండా అన్నం పెట్టింది. ఆ తరువాత శివుడు, కోపాన్ని జయించలేనివాడు ఈ ఊళ్ళో ఉండటానికి తగడని వ్యాసుణ్ణి కాశీ విడిచిపొమ్మన్నాడు. గంగకు ఆవలి ఒడ్డున ఉన్న వ్యాసకాశి ఈనాటికీ ఆ కథను గుర్తుచేస్తూ ఉంటుంది.

ఇందులో క్రమాన్ని గమనించాలి. తల్లి ముందు అన్నం పెట్టింది, తండ్రి తరువాత దండించాడు. ఆకలితో ఉన్నవాడికి తత్త్వం చెప్పకూడదు. దుఃఖంలో ఉన్నవారు గుడికి వస్తే, వారిని ముందు కూర్చోబెట్టి, తీర్థప్రసాదాలిచ్చి, చెప్పేది వినాలి. అర్చకులమైన మేము కూడా ఈ విషయంలో ఆత్మపరీక్ష చేసుకోవాలి. రద్దీ రోజున ‘జరగండి, జరగండి’ అనడం తప్పదు. ఎవరూ లేని రోజున కూడా అదే మాట నోటికి వస్తే ఆ తప్పు మాది. వారు కన్నీళ్ళతో వచ్చినప్పుడు రసీదు పుస్తకం తీయడం కూడా తప్పే. ఆనాడు నేను చేసినది దాదాపు అదే.

మందులు మానవద్దు

స్వస్థత కోసం క్షేత్రవాసం చేసేవారికి ఒక హెచ్చరిక. చరకసంహిత సూత్రస్థానంలో చికిత్సను మూడు విధాలుగా చెప్పారు. మంత్రం, హోమం, నియమం, ఉపవాసం మొదలైనవి దైవవ్యపాశ్రయం. తీర్థక్షేత్రాలకు వెళ్ళడం కూడా ఇందులోనిదే. ఆహారం, ఔషధం యుక్తివ్యపాశ్రయం. మనసును అహితమైన విషయాలనుంచి మళ్ళించడం సత్త్వావజయం. ఆ మహర్షి మూడింటినీ పక్కపక్కన పెట్టాడే తప్ప, ఒకటి ఉంటే మరొకటి అక్కరలేదని అనలేదు.

కనుక మధుమేహం ఉన్నవారు క్షేత్రంలో ఉన్నామని భోజనం మానకండి. రక్తపోటు మాత్రలు ఆపకండి. మనోవ్యాధికి వైద్యుడు ఇచ్చిన మందును, స్వామి చూసుకుంటాడని సొంతంగా నిలిపివేయడం భక్తి కాదు. ఆ వైద్యుని బుద్ధిలో ఉన్నదీ ఆ స్వామే. నిద్రలేని రాత్రులు ఎడతెగనివారు, బ్రతుకుమీద విరక్తి మాటలు మాట్లాడేవారు ఇంట్లో ఉంటే, వారిని ముందు వైద్యుని వద్దకు తీసుకువెళ్ళండి. తరువాత, తోడుతో క్షేత్రానికి తీసుకువెళ్ళండి. ఒంటరిగా పంపవద్దు. తొమ్మిది రోజుల్లో రోగం పోతుందని ఎవరైనా హామీ ఇస్తే, ఎంత వెల చెప్పినా చెప్పకపోయినా, అక్కడినుంచి లేచి రండి. క్షేత్రవాసానికి అప్పు చేయనవసరం లేదు. సత్రంలో ఒక గది, నిత్యాన్నదానంలో ఒక విస్తరి చాలు. తిన్నదానికి శక్తికొద్దీ దక్షిణ వేస్తే దాతలమూ అవుతాం.

ఇల్లాలికి సెలవు

మరొక మాట ఇంటి యజమానులకు. తీర్థయాత్రలో కూడా ఉదయం లేచి కాఫీ కాచేది, తడిబట్టలు ఆరవేసేది, పిల్లల మందులు గుర్తుంచుకునేది, పులిహోర పొట్లాలు విప్పేది ఎవరు? ఇల్లాలే. ఆమె క్షేత్రానికి రాలేదు, వంటిల్లే క్షేత్రానికి వచ్చింది. సోమయాగంలో దీక్ష యజమానికి ఒక్కడికే కాదు, పత్నికి కూడా ఉంది. అవభృథస్నానం కూడా ఇద్దరిదీ. దీక్షలో ఉన్న ఆమెను ఇంటిపనికి పురమాయించే విధి ఏ సూత్రగ్రంథంలోనూ నేను చదవలేదు. కనుక మీ ఇంటి ఆడవారిని క్షేత్రవాసానికి తీసుకువెళితే ఆ తొమ్మిది రోజులు వారిచేత వండించకండి. సత్రంలో పెట్టింది తినండి. మీ బట్టలు మీరు ఉతుక్కోండి. తల్లి పోయినప్పుడూ, గర్భస్రావమైనప్పుడూ, ఆడపిల్ల అత్తవారింట కష్టపడుతున్నప్పుడూ నోరు విప్పకుండా వంట చేస్తూనే ఉన్న స్త్రీలు మన ఇళ్ళలో ఎందరో ఉన్నారు. వారికి రావలసిన సెలవు చాలా ఏళ్ళది బాకీ ఉంది.

వెళ్ళలేనివారికి

కాశీ అందరికీ సాధ్యం కాదు. మంచంపట్టిన పెద్దలను చూసుకునేవారు, సెలవు దొరకనివారు, ప్రయాణం చేయలేనివారు ఉంటారు. వారికి కూడా మార్గం ఉంది. శ్రీశైలం, ధర్మపురి, కాళేశ్వరం, ద్రాక్షారామం వంటి క్షేత్రాలు మన తెలుగునేలమీదనే ఉన్నాయి. ఏడాదికి ఒక్కసారి, ఒకే క్షేత్రంలో మూడు రాత్రులు నిద్ర చేయండి. పక్క ఊళ్ళో మరో ప్రసిద్ధాలయం ఉన్నా ఆ పర్యాయానికి వెళ్ళకండి.

అదీ కుదరనివారు ఇంట్లోనే దీక్ష పాటించవచ్చు. అయ్యప్పదీక్ష తీసుకున్నవారిని చూడండి. 41 రోజులు నేలమీద పడక, ఏకభుక్తం, బ్రహ్మచర్యం, చెప్పులు లేని నడక. ఉద్యోగం చేస్తూనే, ఇంట్లో ఉంటూనే వారు మరొక లోకంలో ఉంటారు. మద్యానికి బానిసైన మనిషి ఆ మండలంలో ఇంటికి దీపమై వెలగడం మీరూ చూసే ఉంటారు. మాల తీసిన మరునాడే మళ్ళీ పాతదారి పట్టేవారినీ చూశాం. అది దీక్షలో లోపం కాదు. బయటికి వచ్చాక పాటించడానికి ఒక్క నియమమైనా మిగుల్చుకోకపోవడం లోపం. క్షేత్రవాసం నుంచి తిరిగి వచ్చేవారు కూడా ఒక చిన్న నియమం వెంట తెచ్చుకోవాలి. ఉదయం పావుగంట జపం కావచ్చు, వారానికి ఒక సాయంకాలం గుడిమెట్లమీద కూర్చోవడం కావచ్చు. గంగచెంబుకన్నా అదే పెద్ద ప్రసాదం.

అగస్త్యుడు కాశీ విడిచిన కథ

క్షేత్రంలో ప్రాణం కుదుటపడ్డాక కొందరికి ఇంటికి రావాలనిపించదు. అక్కడే ఉండిపోదామనిపిస్తుంది. బాధ్యతలు తీరినవారికి అది మంచిదే. తీరనివారు మాత్రం అగస్త్యుని తలచుకోవాలి. వింధ్యపర్వతం పెరిగి సూర్యుని దారికి అడ్డుపడినప్పుడు దేవతలు కాశీకి వచ్చి అగస్త్యుణ్ణి ప్రార్థించారు. కాశీని విడవడం ఆయనకు ప్రాణం విడవడంతో సమానం. అయినా లోకంకోసం లోపాముద్రతో కలిసి దక్షిణానికి బయలుదేరాడు. వింధ్యం తలవంచింది. ఆయన మరి తిరిగి వెళ్ళలేదు. కోపంవల్ల కాశీకి దూరమైనవాడు వ్యాసుడు, కర్తవ్యంకోసం కాశీకి దూరమైనవాడు అగస్త్యుడు. ఒకే క్షేత్రం గురించిన ఈ రెండు కథలు కలిపి చదువుకోవాలి. క్షేత్రం మనల్ని బాగుచేసేది తనలో ఉంచుకోవడానికి కాదు, తిరిగి పంపడానికి. దీక్షితుడు దీక్షాశాలలోనే ఉండిపోతే గర్భం ప్రసవం కానట్టే.

ఆనాడు ఆ దంపతులకు నేను హోమం మాట విడిచిపెట్టి, ఈ సంగతులు కొన్ని చెప్పాను. మాఘమాసం శుక్లపక్షంలో వారు మళ్ళీ కాశీకి వెళ్ళారు. ఈసారి బృందంతో కాదు, ఇద్దరే. తొమ్మిది రాత్రులు ఉండి శివరాత్రికి ముందే తిరిగి వచ్చారు. పర్వదినం హడావుడి తగ్గాక ఒకనాడు గుడికి వచ్చి మంటపంలో కూర్చున్నారు. ఎలా ఉన్నారని అడిగాను.

“అబ్బాయి గది తలుపు తీశామండీ. పోయిన నాటినుంచి తాళం వేసే ఉంది. వాడి పుస్తకాలు బడికి ఇచ్చేశాం. మంచం మాత్రం ఉంచుకున్నాం” అన్నారు మాస్టారు.

“కన్నీళ్ళు ఆగాయా అమ్మా?” అన్నాను ఆమెతో.

“ఆగలేదు పంతులుగారూ. ఇదివరకు ఆయన పెరట్లో, నేను వంటింట్లో ఏడ్చేవాళ్ళం. ఇప్పుడు ఇద్దరం ఒకచోట కూర్చుని ఏడుస్తున్నాం” అన్నారామె.

తొమ్మిది నిద్రల ఫలం ఏమిటని ఎవరైనా నన్ను అడిగితే ఇకమీదట ఈ మాటే చెబుతాను. వీలున్నవారు ఈ ఏడాదిలోనే ఒక క్షేత్రాన్ని ఎంచుకోండి. వెళ్ళి చూసి రావద్దు. వెళ్ళి ఉండండి.

స్వస్తి.